గుండె మీద గంటసేపు

నాలుగింటికి నర్సు బిందుమాధవి గురువమ్మని కిటికీ పక్క వాలుకుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు విప్పించి, పసిదాన్ని తెచ్చి ఆవిడ రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. నెత్తిన ఊలు టోపీ, నడుముకి డైపరు తప్ప ఆ పిల్లకి ఒంటి మీద ఏ గుడ్డా లేదు. ముక్కులోకి పాలు పోసే సన్నటి గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న దీపం, అంతే. ఇద్దర్నీ కలిపి మెత్తటి నూలుగుడ్డతో చుట్టి వీపు వెనక ముడివేసి, "గంటసేపు ఇలాగే ఉండాలి పిన్నీ. నీ ఒంటి వేడే దానికి కావలసింది," అని చెప్పి, తెర లాగి, అవతల అద్దాల పెట్టెలో ఉన్న మరో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. అనకాపల్లిలో ఈ పిల్లల ఆసుపత్రి మెట్లెక్కి ఇవాళ్టికి నలభై రెండు రోజులు. ఇన్నాళ్లూ గురువమ్మ మనవరాల్ని అద్దం ఇవతల నించే చూసింది గానీ వేలితోనైనా ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వక కాదు. చేతులు కడుక్కుని రమ్మని నర్సులు ఎన్నిసార్లు పిలిచినా, కాళ్లు నొప్పులనో, కింద టీ తాగొస్తాననో తప్పించుకుంది. ఇవాళ ఆ దారి లేకపోయింది. కూతురు లావణ్యకి మూడు రోజులుగా జ్వరం, జలుబు. నిన్న పొద్దుటికి తగ్గింది గానీ, ఐదింటికి డాక్టరు వచ్చి సరేననేదాకా లోపలికి రాకూడదు. అల్లుడు ధనరాజ్ పరవాడ మందుల కంపెనీలో డ్యూటీలో ఉన్నాడు, బస్సు దిగేసరికి ఏడవుతుంది. "వాళ్లమ్మ గుండె మీద పడుకోవడం అలవాటైపోయింది దీనికి. మూడు రోజులుగా పగటిపూట అది లేక బరువు పెరగడం లేదు. ఎవరో ఒకరు పడుకోబెట్టుకోవాలి పిన్నీ," అంది బిందుమాధవి. ఎవరో ఒకరంటే, అక్కడున్నది గురువమ్మే.

మొదట తెలిసింది బరువు. ముప్ఫై ఏళ్లుగా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి. రాంబిల్లి ఒడ్డున పడవ దిగిన చేపని ఒకసారి అరచేతిలో ఆడించి ఇంత అని చెప్పేస్తుంది, కాటాలో పెట్టి చూస్తే పది గ్రాములు అటూ ఇటూ. పుట్టినరోజున ఈ పిల్ల తొమ్మిది వందల గ్రాములంటే ఆవిడకి చప్పున గుర్తొచ్చింది ఒక మోస్తరు చందువ చేప. అలా గుర్తొచ్చినందుకు సిగ్గుపడి నోరు మూసుకుంది. ఇప్పుడు గుండె మీద ఉన్నది చేపలా లేదు. చేప ఎంత తాజాదైనా కిందకి లాగుతుంది. ఇది లోపలికి ఇంకుతోంది. పదమూడు వందలుంటుంది, పదో పరకో ఎక్కువే గానీ తక్కువ కాదు అనుకుంది. మెడ తిప్పి గోడ మీద చార్టు చూస్తే పదమూడు వందల పది. గురువమ్మకి గెలిచినంత సంబరమైంది. వాసన సంగతే ఆవిడ బెంగ. పొద్దున రెండుసార్లు సబ్బుతో, ఒకసారి నిమ్మచెక్కతో ఒళ్లంతా రుద్దుకున్నా, గోళ్ల సందుల్లో ఉప్పువాసన పోలేదు. బస్సుల్లో పక్కవాళ్లు ముక్కు తిప్పుకునే వాసన అది. ఈ పిల్ల మాత్రం ముక్కుని సరిగ్గా ఆ చర్మానికే ఆనించి, తనకి కావలసినది దొరికినట్టు ఒక పెద్ద శ్వాస తీసి వదిలింది. ఆ ఊపిరి చెమట మీద చల్లగా తగిలింది. గురువమ్మ ఎందుకో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచి, ఆఖరికి ఒకటి దాని పిర్రల కిందా, ఒకటి వీపు మీదా వేసింది. వీపు మొత్తం అరచెయ్యి కిందకి వచ్చేసింది. ఇంకా నాలుగు వేళ్ల చోటు మిగిలింది.

ఈ పిల్ల తొందరపడింది. ఏడో నెల నిండకుండానే, లావణ్య బావి దగ్గర బట్టలు పిండుతూ అమ్మా అని కూర్చుండిపోయింది. ఆటోలో వస్తున్నంతసేపూ కూతురి చెయ్యి పట్టుకుని గురువమ్మ తలుపులమ్మ తల్లికి మొక్కుతూనే ఉంది. కూతురు బతికితే చాలు అని మొక్కింది, బిడ్డ అనలేదు. ఆ మాట ఎవరికీ తెలియదు, తలుపులమ్మకి తప్ప. ఆరో రోజున తలకి స్కాన్ తీశారు. డాక్టర్ దేవీప్రసాద్ ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఫోను కట్టేసి సొరుగులో పెట్టి మరీ చెప్పాడు. మెదడులో రెండు పక్కలా రక్తం చిమ్మింది. బతికితే కాళ్లు సరిగ్గా రాకపోవచ్చు. చూపూ, మాటా ఎలా ఉంటాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బాగానే ఉండొచ్చు కూడా. ఇప్పటికి ఊపిరి మిషనే పోస్తోంది. "ఇలాగే చూడమంటే చూస్తాం. ఇక చాలు అనుకుంటే, నొప్పి తెలియకుండా మందిచ్చి, మిషను తీసి మీ ఒళ్లో పెడతాం. ఈ రెండిట్లో ఏదీ తప్పని నేననను. రేపటిదాకా ఆలోచించుకోండి," అన్నాడాయన.

"రేపటిదాకా ఎందుకు బాబూ. ఒగ్గీండి," అని వదిలేయమన్నది గురువమ్మే. అందరికంటే ముందు. "నా తమ్ముణ్ణి సూసేను బాబూ. పద్నాలుగేళ్లు చాప మీదే ఉన్నాడు. మా యమ్మ నడుం ఇరిగిపోనాది. ఈ పిల్లకీ నా పిల్లకీ ఆ బతుకొద్దు. ఒగ్గీండి." ధనరాజ్ తల వంచుకుని చెప్పుల కేసి చూస్తున్నాడు. లావణ్య మాట్లాడింది తల్లితో కాదు, డాక్టరుతో. "ఇప్పుడు దానికి నొప్పిగా ఉన్నాదా సార్?" లేదమ్మా, లేకుండానే చూస్తున్నాం, నిద్రపోతోంది అన్నాడాయన. "అయితే ఆపకండి. అది ఓర్చుకోలేకపోతందని మీకు ఎప్పుడనిపిత్తే అప్పుడు నాకు సెప్పండి, దాయకండి. ఆవేళ నేనే ఆపమంతాను. రేపు నడుత్తాదో నడవదో అని ఇయ్యాల మాత్రం ఆపొద్దు." గది బయటికి వచ్చాక, మెట్ల మీద, అల్లుడు గురువమ్మ పక్కన కూలబడి, "నాకూ బయ్యంగానే ఉన్నాది అత్తా," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆవిడకి వాడి మీద ప్రాణం వచ్చింది. లావణ్య మాత్రం నిలబడే అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "అమ్మా, ఎర్రిబాబు మావయ్య సంతోసంగా ఉండేవోడా?" "నాకు తెల్దే," అంది గురువమ్మ. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. తమ్ముడంటే అమ్మ నడుం, అమ్మ నిద్రలేమి, అమ్మ కన్నీళ్లు. తమ్ముడు అనే మనిషి సంగతి అడిగినవాళ్లు లేరు.

ఆ తర్వాతి వారమే, ఈ కుర్చీలోనే, ఈ తెర వెనకే, కశింకోట నించి వచ్చిన మొగుడూ పెళ్లాలు కూర్చున్నారు. వెంకటరమణ, గౌతమి, చెరకు రైతులు. వాళ్ల పిల్లాడు ఇంకా తొందరపడ్డవాడు, ఆరో నెల్లోనే వచ్చేశాడు. పేగు పాడైంది. నొప్పి మందులకి లొంగడం లేదని డాక్టరు దాచకుండా చెప్పాడు. వాళ్లు చాలు అన్నారు. మిషను తీసి ఒళ్లో పెడితే గంటన్నర ఉన్నాడట. తెర అవతల బల్ల మీద కూర్చున్న గురువమ్మకి ఆ తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది. బెల్లం వండడం మొదలెట్టేమురా, ఏడి పాకం నీ నాలిక్కి రాద్దామనుకున్నాను, ఆవు ఈనింది, దూడ ఎర్రగా ఉన్నాది అని, పెరిగిన కొడుకుతో కబుర్లు చెప్పినట్టే చెప్పాడు. వాళ్లు తప్పు చేశారని గురువమ్మకి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. లావణ్య తప్పు చేసిందనీ అనిపించడం మానేసింది, ఆ వేళ నించే. ప్రేమ ఒకటే అయినా రెండిళ్లలో రెండు మాటలు మాట్లాడగలదని ఆవిడకి అప్పుడు తెలిసింది. వెళ్లేముందు గౌతమి వచ్చి ఊలు టోపీ లావణ్య చేతిలో పెట్టింది. "మావోడు ఒక్కపూటే ఎట్టుకున్నాడు. మీయమ్మాయికి ఎట్టు," అంది. నీలం టోపీ, పైన పసుపు పచ్చటి బంతి. ఇప్పుడు ఆ బంతి గురువమ్మ గడ్డం కింద గిలిగింతలు పెడుతోంది. టోపీ ఇంకా వదులే, కనుబొమల మీదకి జారిపోతోంది. ఆవిడ ఒక్క వేలితో పైకి తోసింది. నుదురు కనిపించింది. ముసలివాళ్లకి మల్లే మూడు ముడతలు. ఏటే, అంత ఆలోసన? అని అడగబోయి, ఎవరైనా వింటారని ఊరుకుంది.

మిషను తీసేశాక ఊపిరి పిల్లే తీసుకుంటోంది గానీ, అది ఒక లెక్కలో ఉండదు. టకటకా నాలుగైదు, ఆ తర్వాత కాస్త ఆగి, గురువమ్మ కంగారుపడే లోపల మళ్లీ టకటకా. గురువమ్మ తండ్రి పాత పడవకి కొత్తగా బిగించిన ఇంజను ఇలాగే చేసేది. ఆగిందనుకుంటే అందుకునేది. ఆ చప్పుడు అంత దూరం నించి అందరికంటే ముందు పట్టేసేవాడు తమ్ముడు ఎర్రిబాబు. ఒడ్డున ఇసకలో చాప మీద పక్కకి పడుకోబెడితే, ఇంకా పడవ చుక్కలా కూడా కనపడకముందే, వంకర తిరిగిన చేత్తో ఇసక మీద దబదబా బాదేవాడు. అదిగో నాన్నొత్తన్నాడు అని వాడి భాష. ఏనాడూ తప్పలేదు. పది పడవల చప్పుడులో నాన్న పడవ వాడికే తెలిసేది. ఊళ్లో ఆడవాళ్లు వాడి చెయ్యి చూసే తట్టలు సర్దుకునేవారు. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడ పోయింది? ఎవరు దాచేశారు? ఒకటి వచ్చేసరికి దాని వెనకే ఇంకోటి. వాన పడితే అల్యూమినియం గిన్నె తెచ్చి చూరు కింద పెట్టమని గొడవ చేసేవాడు, ఆ టంగు టంగు చప్పుడు వింటూ ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వేవాడు. పులుపు నాలిక్కి తగిలితే ఒక కన్ను మూసి, మళ్లీ పెట్టమని నోరు తెరిచేవాడు. మెడ మీద ఉఫ్ఫని ఊదితే చాలు, మెలికలు తిరిగి నవ్వేవాడు. నాన్న కొడితే గురువమ్మ మూల కూర్చుని ఏడ్చినరోజు, ఎంత కష్టపడి దొర్లాడో, చాప నించి మూలదాకా దొర్లుకుంటూ వచ్చి, విప్పడం రాని ఆ పిడికిలి తెచ్చి తన మోకాలి మీద పెట్టాడు. ఫిట్స్ వచ్చిన రోజులూ ఉన్నాయి, పళ్లు బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగిపోయిన రోజులు. అవి లేవని గురువమ్మ అనదు. కానీ అవి లెక్కకి కొన్ని. మిగతావన్నీ ఇసకా, వానా, పులుపూ, నవ్వే.

వాడు పోయిన రోజున ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు. పోన్లే, చిన్నమ్మలుకి పానం సుకపడింది అని. చిన్నమ్మలు అంటే గురువమ్మ తల్లి. విని విని, పదిహేడేళ్ల గురువమ్మకి ఆ మాటే తమ్ముడి జ్ఞాపకమైపోయింది. అమ్మ నడుం విరిగిన మాట నిజం. అయితే వాడి బరువుకి విరగలేదు. మోయడానికి అమ్మా, తనూ తప్ప ఇంకో చెయ్యి రాకపోవడం వల్ల విరిగింది. నాన్న ఎత్తుకోలేదు, ఊరు ఎత్తుకోలేదు, డాక్టరన్నవాణ్ణి వాళ్లు చూడలేదు. ఇక్కడ అలా కాదే. ధనరాజ్ డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పి ఇదే కుర్చీలో కూర్చుంటాడు, గుండె మీద బొచ్చు దీనికి గుచ్చుకుంటుందేమోనని మొదటిరోజు శుభ్రంగా గొరిగించుకుని వచ్చాడు కూడా, నర్సులందరూ నవ్వారు. అది తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. లావణ్య ఉంది. డాక్టరున్నాడు, కాళ్లకి చేయించాల్సిన కసరత్తులు చెప్పేవాళ్లున్నారు. పోయిన వారం స్కాన్‌లో నెత్తురు కరుగుతోందనీ, నీరు చేరలేదనీ చెప్పి, కాళ్ల సంగతి మాత్రం ఏడాది వెళ్తే గానీ చెప్పలేనన్నాడు దేవీప్రసాద్. సరే, ఏడాది వెళ్లనీ. నడిస్తే తనే సముద్రం దాకా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నడవకపోతే, చేపల తట్ట మోసిన నెత్తి ఉంది, నడుం ఉంది, ఇంకా పదేళ్లు ఢోకా లేదు. ఇసకలో చాప వేస్తే ఇది ఏ చప్పుడికి నవ్వుతుందో చూడాలి. చేపలు పడక అమ్మమ్మకి సముద్రం మీద కోపం వచ్చినరోజు ఇదేమంటుందో వినాలి. లావణ్య అడిగినదానికి జవాబు ఇప్పుడు చెప్పొచ్చు. ఉండేవాడే. మా ఎర్రిబాబు సంతోషంగానే ఉండేవాడే. మనం చూసుకోలేదంతే.

గురువమ్మ భుజాలు కదిలాయి. తెర పక్కకి జరిపి బిందుమాధవి తొంగి చూసింది. "ఏంటి పిన్నీ, ఏడుస్తున్నావా?"

"నేదమ్మా. నవ్వొత్తంది."

"నవ్వు, నవ్వు. దానికీ బాగుంటుంది. నీ గుండె చప్పుడు వింటూ పడుకుంది కదా," అని మిషను కేసి చూసి, "చూడు, ఇన్ని రోజుల్లో ఇంత నిలకడగా ఎప్పుడూ లేదు," అని వెళ్లిపోయింది. నిజానికి ఏడుపూ ఉంది. రెండు చుక్కలు నీలం టోపీ మీద పడ్డాయి. అవి ఊలులోకి ఇంకిపోయేదాకా గురువమ్మ చూస్తూ ఊరుకుంది. కిటికీలోంచి ఎండ పక్కకి వాలి పిల్ల చెవి మీద పడింది. చెవి అంచు గులాబీరంగులో వెలిగింది, లోపలి సన్నటి నరాలు కూడా కనిపిస్తున్నాయి. అంత చిన్న చెవి. "ఇందా, ఇను," అని ఆ చెవిలో చెప్పింది, పెదవి తగిలేంత దగ్గరగా. "ఆవేళ నిన్ను ఒగ్గీమన్నది నేనే. నీ మీద కోపంతో కాదు. నువ్వెవులివో నాకు తెల్దు అప్పటికి." ఆ మాట చెప్పేశాక ఒళ్లు తేలికైపోయి, కుర్చీలో ఇంకొంచెం జారి కూర్చుంది. గంట అయిపోతోందేమోనని మొదటిసారి బెంగపడింది.

గోడ గడియారంలో ఐదుకి ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా గుడ్డలో ఏదో కదిలింది. పిల్ల తల ఎత్తబోయింది. ఎత్తలేక పక్కకి పడేసింది, మళ్లీ ఎత్తబోయింది. నోరు తెరిచి, నాలుక చివర బయటికి పెట్టి, చెంపతో గురువమ్మ చర్మాన్ని తడుముతూ కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతోంది. మోకాళ్లు కడుపులోకి ముడిచి, పాదాలతో తన్నుకుని మరీ జరుగుతోంది. గురువమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక యాభై రెండేళ్ల మొహం కొత్త పెళ్లికూతురి మొహంలా ఎర్రబడింది. "సిస్టరమ్మా, ఒకపాలి ఇలా రా. ఇదేటో సేత్తంది."

బిందుమాధవి వచ్చి వంగి చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకో వారం పడుతుందనుకున్నాం పిన్నీ. ఇలా తనంతట తను వెతుక్కోవడం మొదలెడితే గొట్టం తీసే రోజులు దగ్గరకొచ్చినట్టే. ఆకలేస్తోంది దీనికి." అప్పుడే సాయంత్రం పిల్లల్ని చూడటానికి లోపలికి అడుగుపెట్టిన దేవీప్రసాద్ కూడా వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బత్తాయంత కూడా లేని ఆ ముఖం పాలకోసం పడే పాట్లు కాసేపు చూశాడు. తర్వాత నర్సుతో మెల్లగా, "తల్లికి జ్వరం?" అన్నాడు. నిన్నట్నించి లేదు సార్ అందామె. "మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని రమ్మనండి. ఇప్పుడే." బిందుమాధవి నడవకుండా దాదాపు పరిగెత్తింది. అద్దం అవతల కుళాయి దగ్గర లావణ్య కనిపించింది. మోచేతులదాకా సబ్బు నురగ, సగం నీళ్లు నేల మీదే పోస్తోంది, మాస్కు ఒక చెవికే వేలాడుతోంది. తల్లి కేసి చూసి కళ్లతోనే ఏటమ్మా అని అడుగుతోంది. గురువమ్మకి చెప్పడానికి చేతులు ఖాళీ లేవు.

ఈలోగా పిల్ల వెతుక్కుని వెతుక్కుని, ఇరవై రెండేళ్ల కిందట లావణ్య మానేసిన రొమ్ము దొరకబుచ్చుకుంది. రెండు చప్పరింతలు చప్పరించింది. ఆగింది. మూడోది గట్టిగా చప్పరించి, ఏమీ రాకపోయేసరికి వదిలేసి, మొహమంతా ముడుచుకుని, మోసం చేశారన్నట్టు గొంతెత్తింది. పిల్లి కూనంత గొంతు, కానీ గదిలో అందరూ ఇటు తిరిగారు. గురువమ్మ పకపకా నవ్వుతూ, కళ్లనీళ్లు చెంపల మీద కారిపోతుంటే తుడుచుకోకుండా, దాన్ని ఇంకాస్త పైకి లాక్కుని, వీపు నిమురుతూ చెప్పింది.

"నా కాడేటి ఉన్నాయే పిచ్చిదానా, ఎప్పుడో ఎండిపోనాయి. ఉండు. మీ యమ్మ వత్తంది. ఉండమ్మా, ఉండు."